విట్టెన్‌బర్గులో నొక యిల్లాలి గడప

జర్మనీదేశమునకు బోవు యాత్రికులు బెర్లిను నగరపు వీథులను జూతురు. రైను నదిపై నావలలో విహరింతురు. కొండలమీది కోటలను జూచి యబ్బురపడుదురు. మేమును వానిలో గొన్నిటిని జూచితిమి. కాని సోదరీమణులకు జెప్పదగినదని మాకు దోచినది యొక చిన్న పట్టణములోని పాతయిల్లు. ఐదువందల యేండ్లక్రిందట ఆ యింట నొక యిల్లాలు కాపురము చేసెను. ఆమె పేరు కాథరీనా ఫాన్ బోరా. ఆమె మగడు మార్టిన్ లూథరు. ఐరోపాఖండమునందలి రాజ్యములను, మఠములను, సంసారములను గూడ కదలించివైచిన మతవిప్లవమునకు గారకుడైన యాతని పేరు చరిత్ర చదివినవారెల్లరు నెఱుగుదురు. ఆయన యింట పొయ్యి చల్లాఱకుండ జూచినయామె పేరు తెలిసినవా రరుదు.

లూథరు నామము మన తెలుగునాటికి గ్రొత్తది కాదు. 1842వ సంవత్సరమున హేయరను మతబోధకుడు అమెరికానుండి గుంటూరునకు వచ్చి లూథరను సంఘమునకు బునాది వేసెను. తరువాత డాక్టరు అన్నా కుగ్లరు ఆ యూరనే స్త్రీలకును శిశువులకును వైద్యశాలను స్థాపించెను. అంతకు నూఱేండ్లకు ముందే, విట్టెన్‌బర్గునకు సమీపముననున్న హాలె పట్టణమున, షుల్ట్జ్ అను మతబోధకుడు 1746 ప్రాంతమున తెలుగు పుస్తకముల నచ్చొత్తించెను. మన లిపి అచ్చెక్కిన తొలి పుస్తకములలో నవి చేరినవి. అట్టి సంబంధముండుటచేత ఆ ప్రాంతమును జూడవలెనని మాకు జాలకాలముగా కోరిక యుండెను.

బెర్లినునుండి రైలులో గంట గడువకమునుపే విట్టెన్‌బర్గు చేరితిమి. పట్టణము చిన్నది. ఎల్బే నది దాని ప్రక్కనే పాఱుచున్నది. తూర్పుకొననుండి పడమటికొనకు నొకటే పెద్దవీథి. తూర్పున లూథరు ఇల్లు, పడమట కోటగుడి, నడుమ ఊరిగుడియు, సంతబయలును. పిల్లనెత్తుకొన్న తల్లియైనను ఆయాసము లేక యావీథి నంతను నడచి చూడగలదు.

మేము ముందుగా కోటగుడికి బోయితిమి. 1517వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన, క్రైస్తవమఠమున జరుగు నక్రమములనుగూర్చి తొంబదియైదు వాదవాక్యములు వ్రాసి లూథరు ఈ గుడితలుపునకు మేకులతో గొట్టెనని ప్రసిద్ధి. మేకులు కొట్టెనో లేదో యని పండితులు నేటికిని వాదులాడుచున్నారుగాని, ఆనాడే వానిని ఆర్చిబిషప్పగు ఆల్బర్టునకు జాబుతో బంపెననుట నిశ్చయము. ఆ పాతతలుపు 1760లో యుద్ధాగ్నికి ఆహుతియయ్యెను. ఇప్పుడున్నవి 1858లో నమర్చిన కంచుతలుపులు. వానిపై నావాక్యములన్నియు లాటినుభాషలో పోతపోయబడియున్నవి.

ఆ వాదమునకు మూలమేమనగా: పాపక్షమాపణ పత్రములని యా కాలమున కొన్ని చీట్లను విక్రయించుచుండిరి. రూకలిచ్చి కొన్నచో, చనిపోయిన తల్లిదండ్రుల యాత్మలకుగూడ బాధ తగ్గునని బోధకులు చెప్పుచుండిరి. ఆ ధనములో గొంత రోమునగరమున గట్టుచున్న పెద్దదేవాలయమునకును, గొంత ఆల్బర్టు చేసిన యప్పులు తీర్చుటకును బోవుచుండెను. పేదయిల్లాండ్రు కుండలో దాచుకొన్న కాసులుగూడ నట్లే పోయెను. లూథరు దానిని బ్రశ్నించెను. 1521లో ఐదవ చార్లెసు చక్రవర్తి యెదుట నిలువబడియు తన మాటను మార్చుకొనలేదు. సన్యాసముకంటె సంసారము తక్కువది కాదనియు, మఠమున జేరినంతమాత్రన మోక్షము రాదనియు నాతడు వ్రాసిన వ్రాతలు మఠముల గోడలనుగూడ దాటి లోనికి బోయెను.

అట్టి మఠములలో నొకటి గ్రిమ్మాపట్టణమునకు జేరువనున్న నింబ్షెన్. కాథరీనా యచ్చట సన్యాసినిగా నుండెను. ఆమె 1499లో బుట్టినది. తండ్రి కులీనుడేగాని కలిగినవాడు కాడు. కట్నమిచ్చి పెండ్లిచేయజాలని కులీనులు కూతుండ్రను మఠములకు బంపుట యా దేశమున వాడుక. ఐదాఱేండ్ల పసిపిల్లను తండ్రి యొక మఠమున విడిచెను. తరువాత ఆమెను నింబ్షెనునకు బంపిరి. అచ్చట చదువు, వ్రాత, పాట, కొంత లాటినుభాష నేర్చుకొనెను. పదునాఱేండ్ల ప్రాయమున, 1515లో, వ్రతదీక్ష గైకొనెను. ఆమెను నీ కిష్టమేనా యని యడిగినవారున్నట్లు తోచదు. ఈ ముక్క చదువునప్పుడు, ఊహ తెలియకముందే పెండ్లిపీటలపై గూర్చుండబెట్టబడిన మన ముత్తవ్వలు మాకు జ్ఞప్తికి వచ్చిరి.

1523వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీ. మఱునాడు ఈస్టరుపండుగ. మఠమునకు సరకులు చేరవేయు టోర్గావు వర్తకుడు లియోన్హార్డు కొప్పె ఆరాత్రి తన బండి తోలుకొనివచ్చెను. పండ్రెండుగురు సన్యాసినులు ఆబండిలో నెక్కి చీకటిలో మాయమైరి. చేపల పీపాలలో దాగికొని వచ్చిరని జనులు కథగా జెప్పుకొందురు. చేపల పీపాలుండు మూతబండిలో దాగి వచ్చిరనుటయే నిజమునకు దగ్గఱగా నున్నది. సన్యాసినులను గొనిపోయినవానికి ఆనాటి చట్టము ప్రకారము మరణదండన. కొప్పె దానికి సాహసించెను. మువ్వురు తమ పుట్టిండ్లకు జేరిరి. పుట్టింటివారు చేర్చుకొనని తొమ్మండుగురు విట్టెన్‌బర్గు వచ్చి లూథరు గుమ్మమున దిగిరి.

వారికి పెండ్లిండ్లు చేయుటయో, ఆశ్రయము చూపుటయో లూథరునకు బాధ్యతయయ్యెను. అందఱికిని నేదో యొక దారి దొరకెను. కాథరీనా మాత్రము మిగిలెను. నూరెంబర్గువాడైన యొక యువకు డామెను వరించెనుగాని, మఠమునుండి పాఱివచ్చిన పిల్ల తమకు వలదని వాని తల్లిదండ్రులు అడ్డుపడిరి. తరువాత పెద్దలు గ్లాట్జను మతాచార్యుని జూపిరి. ఆమె యొప్పుకొనలేదు. లూథరు స్నేహితుడగు ఆంస్‌డోర్ఫు నొద్దకు బోయి, నిన్నుగాని లూథరునుగాని పెండ్లియాడుదును, గ్లాట్జును మాత్రము చేసికొననని తానే చెప్పెను! చేతిలో గాసు లేదు, పుట్టిల్లు లేదు, ఊరిలో నందఱి దృష్టియు దనమీదనే. అట్టిచోట నిలువబడి తన వరుని తానే నిర్ణయించుకొన్న యా కన్య ధైర్యమును మేము మిగుల మెచ్చుకొంటిమి.

1525వ సంవత్సరము జూను 13వ తేదీన వివాహము జరిగెను. వరునికి నలువదియొకటి, వధువునకు ఇరువదియాఱు. చిత్రకారుడు లూకాస్ క్రానాఖు దంపతులు సాక్షులలో నుండిరి. ప్రాణస్నేహితుడగు మెలాంక్తనునకు గూడ లూథరు ముందు తెలుపలేదు. ఆయన నొచ్చుకొని మఱియొక మిత్రునకు జాబు వ్రాసికొనెను. నొచ్చుకొనుటకు గారణము లేకపోలేదు. ఆ వేసవియందే కర్షకులు తమ ప్రభువులపై దిరుగబడిరి. లూథరు మొదట వారి కష్టములు నిజమేయనెను. పిమ్మట వారిని నిర్దయగా నణచివేయుడని ప్రభువులకు వ్రాసెను. మే 15వ తేదీన ఫ్రాంకెన్‌హౌసెనువద్ద కర్షకసేన నాశమయ్యెను. ఆ తిరుగుబాటున జచ్చినవారు డెబ్బదివేలు మొదలు లక్షవఱకు నుందురని చరిత్రకారుల యంచనా. దేశమునిండ శవములుండ బోధకునింట పెండ్లిబాజాలు మ్రోగెనని పలువురు దూషించిరి.

ఆ దంపతులు కాపురము పెట్టిన గృహము పూర్వము సన్యాసుల మఠము. సన్యాసులు విడిచిపోగా, సాక్సనీ ప్రభువు దానిని లూథరునకిచ్చెను. పెండ్లికి మున్ను ఏడాదికాలము తన పడక దులిపి వేయువారు లేక, పఱచిన గడ్డి చెమటకు గుళ్లిపోయెనని లూథరే చెప్పుకొనెను. ఆ కొంపను కాథరీనా యిల్లుగా మార్చెను.

ఆ యింటి ద్వారమువద్ద మేము చాలసేపు నిలిచితిమి. ఇసుకరాతితో జెక్కిన ద్వారబంధమది. 1540లో మగని జన్మదినమునకు కాథరీనా చేయించి యిచ్చిన కానుక. ద్వారమున కిరుప్రక్కల కూర్చుండుటకు రాతిపీటలున్నవి. మన వీథియరుగులే జ్ఞప్తికి వచ్చినవి. ఒకదానిపై లూథరు ముఖమును, రెండవదానిపై ఆయన గులాబి ముద్రయు జెక్కబడియున్నవి. పనులు ముగిసిన సాయంకాలమున ఆలుమగలిద్దఱు నిచ్చట గూర్చుండి పిల్లల సంగతులు మాటలాడుకొనియుందురని తలచుచు మేమును గాసేపు కూర్చుంటిమి. ముంగిట కాథరీనా కంచువిగ్రహము 1999లో నిలుపబడినది. ఒక గుమ్మమును దాటి యివలికి వచ్చుచున్నట్లు ఆమెను మలచినారు.

లోపల లూథరు కూర్చుండిన గది కలదు. కొయ్యపలకలు తాపిన గోడలు, గది వెచ్చజేయు పెద్దపొయ్యి, పాతబల్ల. 1712లో రష్యాచక్రవర్తి పీటరు వచ్చి సుద్దతో దన పేరు తలుపుపై వ్రాసిపోగా దానికి అద్దము బిగించి కాపాడినారు. ఆబల్లయొద్ద భోజనముచేయుచు లూథరు పలికిన పలుకులను శిష్యులు వ్రాసికొని పుస్తకములుగా జేసిరి. ఆ భోజనము వండించినదెవరు? నలుబదిమందివఱకు ఆ యింట దినుచుండెడివారు. కన్నబిడ్డలు, చుట్టముల బిడ్డలు, కూటికి సొమ్మిచ్చి యుండు విద్యార్థులు, దేశదేశములనుండి వచ్చిన యతిథులు, దిక్కులేని వారు. లూథరునకు గ్రంథములవలన గాసురాదు, పుచ్చుకొననని పట్టుదల. జీతము సంవత్సరమునకు రెండువందల గుల్డెనులు. అది చాలక కాథరీనా విద్యార్థులయొద్ద బూటబత్తెము వసూలుచేసెను, బీరు కాచించెను, ఆవులను, పందులను పెంచెను, తోటలు వేయించెను, చేపలచెఱువు నడిపెను, త్సూల్స్‌డోర్ఫున భూమి సంపాదించి సేద్యము చేయించెను. తెల్లవాఱుజాముననే లేచునుగనుక మగడామెను విట్టెన్‌బర్గు వేగుచుక్క యని పిలిచెను. పరిహాసమునకు జాబులలో దొరగారూ యని సంబోధించెను.

ఒక ముచ్చట వినుడు. పాపక్షమాపణ పత్రముల యమ్మకమునకు గారకుడైన యా ఆల్బర్టు ఆర్చిబిషప్పే పెండ్లికానుకగా నిరువది గుల్డెనులు పంపెను. లూథరు మండిపడి, మరల బంపుమనెను. కాథరీనా మాఱుమాటాడక పుచ్చుకొని దాచెను. సిద్ధాంతము మగనిది, చిల్లులకుండ ఆలిది!

1527లో ఊరిలో మహామారి వచ్చెను. తక్కినవారు పాఱిపోవ, నీ దంపతులు కదలలేదు. ఇల్లు వైద్యశాలయయ్యెను. అప్పుడు కాథరీనా గర్భిణి. ఆ సంవత్సరాంతమున గలిగిన యాడుశిశువు ఎనిమిదినెలలైన నిండకయే చనిపోయెను. ఆఱుగురు సంతానములో రెండవ కూతురు మగ్దలేనా 1542లో పదుమూడేండ్ల ప్రాయమున తండ్రి చేతులలోనే కన్నుమూసెను. లోకమునకు ధైర్యము చెప్పిన తండ్రి ఆనాడు పసివానివలె నేడ్చెనట. తల్లి యేమనెనో వ్రాసినవారు తక్కువ. లూథరు భార్యకు వ్రాసిన జాబులు ఇరువదికిబైగా నిలిచియున్నవి. ఆమె యాయనకు వ్రాసినవానిలో నొక్కటియు నిలువలేదు. బల్లయొద్ద మగడాడిన ప్రతిమాటయు బుస్తకమున కెక్కగా, దూరమున నున్న మగనికి భార్య వ్రాసినదానిని దాచువారు లేకపోయిరి.

ఆయింట మేము విన్నవానిలో మా మనస్సున నాటుకొన్నది మరణశాసనముయొక్క కథ. సాక్సనీ చట్టము ప్రకారము మగని యాస్తి విధవకు రాదు. ఆమెకును బిడ్డలకును సంరక్షకులను నియమింతురు. 1542లో లూథరు తన చేతితో మరణశాసనము వ్రాసి సర్వము భార్యకే యిచ్చెను. తల్లికంటె బిడ్డలకు మంచి సంరక్షకులు లేరని యాయన యభిప్రాయము. ఆయన 1546 ఫిబ్రవరి 18వ తేదీన ఐస్లేబెనులో మరణించెను. భార్య దగ్గఱ లేదు. తినుటయు, ద్రావుటయు, నిద్రించుటయు దనకు జేతకాకున్నవని యామె మఱదలికి జాబు వ్రాయించెను. దుఃఖము తీరకముందే, శాసనము చట్టరీత్యా చెల్లదని న్యాయవాదులు పట్టుపట్టిరి. ప్రభువు దానిని స్థిరపఱచెనుగాని సంరక్షకులు మాత్రము నియమింపబడిరి. కాథరీనా పట్టువిడువక బిడ్డలను దన యొద్దనే యుంచుకొనెను.

అంతలో యుద్ధము వచ్చెను. 1547 ఏప్రిలు 24వ తేదీన మ్యూల్‌బర్గువద్ద చార్లెసు చక్రవర్తి సాక్సనీ ప్రభువు నోడించి చెఱపట్టెను. కాథరీనా బిడ్డలతో రెండుమార్లు ఊరు విడిచి పాఱిపోయెను. తిరిగివచ్చి చూడగా పొలములు పాడు, పశువులు లేవు. అప్పులు చేసి, మరల విద్యార్థులకు గూడుపెట్టి సంసారము నీడ్చెను. 1552లో మరల మహామారి. విశ్వవిద్యాలయము టోర్గావునకు తరలగా ఆమెయు బిడ్డలతో బయలుదేరెను. త్రోవలో గుఱ్ఱములు బెదరెను. బండినుండి దిగబోయి యామె చన్నీటిగుంటలో బడెను. మూడునెలలు మంచముపట్టి 1552 డిసెంబరు 20వ తేదీన టోర్గావులో దేహము చాలించెను.

మేము టోర్గావునకును బోయి, పవిత్రమరియ గుడిలో ఆమె సమాధిఫలకమును జూచితిమి. తలపై ముసుగు, చేత బుస్తకము ధరించి నిలువుగా నున్నట్లు ఆమెను జెక్కినారు. భర్త సమాధి విట్టెన్‌బర్గు కోటగుడిలో, ఆమెది యిచ్చట. ఇరువదియేండ్లకు బైగా కలసి కాపురము చేసినవారు వేఱువేఱు ఊళ్ల నిద్రించుచున్నారు. కొప్పె బండి బయలుదేరిన యూరును ఇదియే.

ఇంతటితో ఈ కథ ముగించినచో సోదరీమణులకు సగమే చెప్పినవారమగుదుము. విట్టెన్‌బర్గు ఊరిగుడి వెలుపలిగోడపై యూదులను హేయముగా నవమానించు మధ్యకాలపు శిల్ప మొకటి కలదు. 1543లో లూథరే యూదులపై విషముగ్రక్కు గ్రంథమును వ్రాసెను. 1988లో ఆ శిల్పము క్రింద నేలపై వారి మరణములకు స్మారకఫలకము నుంచిరి. ఎంతటివానినైనను గన్నులు మూసికొని పూజింపరాదని యాగోడక్రింద నిలిచి తెలిసికొంటిమి.

మఱియు మేము నూరెంబర్గునకు బోయితిమి. రైలునిలయమునకు అనతిదూరమున పవిత్రక్లారా గుడి యున్నది. ఆనాడు దానిని జేరి సన్యాసినీమఠ ముండెను. 1503నుండి దాని యధ్యక్షురాలు కారితాస్ పిర్క్‌హైమరు. ఆమె లాటినుభాషలో బండితురాలు. చిత్రకారుడు డ్యూరరు మరియమాత చరిత్రచిత్రముల గ్రంథము నామెకు గృతిగా నొసగెను. సుమారు అఱువదిమంది సన్యాసినులు ఆమె చెప్పుచేతలలో జదువుకొనుచు, ధ్యానము చేసికొనుచు నుండిరి. 1525లో నగరసభవారు లూథరు మార్గము నవలంబించి, మఠము మూయవలెనని నిర్బంధించిరి. ఇష్టములేనివారు పోవచ్చును, ఉండగోరినవారిని బలవంతపెట్టవలదని కారితాసు వేడుకొనెను.

జూను 14వ తేదీన, అనగా కాథరీనా వివాహము జరిగిన మఱునాడే, ముగ్గురు తల్లులు బంధువులతో వచ్చి తమ కూతుండ్రను మఠమునుండి గొనిపోయిరి. తండ్రులలో నొకడు ఆ మఠమునకు సభవారు నియమించిన సంరక్షకుడే. ఇరువదియేండ్ల ప్రాయముననున్న యా పిల్లలు పోమని మొఱపెట్టిరి. అధ్యక్షురాలిని బట్టుకొని యేడ్చిరి. ముందునుండి లాగియు, వెనుకనుండి నెట్టియు వారిని వెలుపలికి దెచ్చి, దీక్షావస్త్రములు విప్పి లోకపు దుస్తులు తొడిగిరి. ఈ సంగతినంతను కారితాసు వ్రాసియుంచెను. ఆ సంవత్సరాంతమున మెలాంక్తను వచ్చి, బలాత్కారము తగదని సభవారికి జెప్పెను. అందుచే మఠమును మూయలేదు; క్రొత్తవారిని మాత్రము చేరనీయలేదు. కారితాసు 1532లో గతించెను. ఒక్కొక్కరుగా దక్కినవారును రాలిపోగా, ఆ శతాబ్దాంతమునకు మఠమే లేకపోయెను. దానితోబాటు ఆ యూరి కన్యలకు పెండ్లి గాక మఱియొక బ్రదుకు, చదువుకొనుచు దమ్ముదామే పాలించుకొను బ్రదుకు, మూతబడెను.

ఆ గుడిలో గూర్చుండి మేము చాలసేపు వాదించుకొంటిమి. మాలో నొకరు కాథరీనా భాగ్యశాలినియనిరి. మఱియొకరు కారితాసు పక్షము వహించిరి. తుద కిద్దఱము నొక్కచోటికి వచ్చితిమి. కాథరీనాను మఠమున వేసిన తండ్రియు, ఆ మువ్వురిని మఠమునుండి లాగికొనిపోయిన తల్లులును, అందఱును పిల్లల మేలుకొఱకే చేసితిమని నమ్మినవారే. పాతమతమువారును అడుగలేదు, క్రొత్తమతమువారును అడుగలేదు. అడుగకయే తానై తన దారి చెప్పినది కాథరీనా. అడుగుడని వేడుకొనినది కారితాసు. ఒకరినొకరు చూడని యా స్త్రీలిద్దఱు గోరినది యొక్కటియే.

ఇంటికి వచ్చిన కొలదిదినములకు మా బంధువులలో నొక పిల్ల చదువు సాగించుటయా, పెండ్లియా యను ప్రసంగము వచ్చెను. పెద్దలందఱును దలకొక యభిప్రాయము చెప్పుచుండిరి. వంటయింటి గుమ్మమున నిలువబడియున్న పిల్లను లోనికి బిలిచి, నీ మాట యేమని మేమడిగితిమి. ఆమె కొంచెము తడబడి, పిమ్మట దన మాట తాను జెప్పెను.